కొక్కేలు అయిపోయిన వారం

ఆర్ముగానికి తెలుగు రాదు.
అక్షరాల ఒంపులు తెలుసు, అంతే.
ఏ గూట్లో కొమ్ము, ఏ గూట్లో సున్నా
వాడి వేళ్ళకి తెలుసు.
కోడంబాకం బ్రిడ్జి దిగువన
మా వారపత్రిక వెనక గదిలో
సీసం మసి పట్టిన ఆ వేళ్ళతో
పద్దెనిమిదేళ్ళు తెలుగు పేర్చాడు.

ఆ బుధవారం రాత్రి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.
"సార్, కొక్కేలు అయిపోయినాయి."
కొక్కెం అంటే వాడి లెక్కలో ప్రశ్నార్థకం.
కింద చుక్క ఉన్న కొక్కెం.

అయిపోవూ మరి!
వకుళకు ఏమైంది?
ఆస్పత్రిలో ఆ మూడు రాత్రులు ఎవరి కోసం?
మాత్రలా? మనోవ్యాధా? మరింకేమైనానా?
నాలుగు పేజీలు, ఒంటి చేత్తో,
రెండో చేతిలో మిరపకాయ బజ్జీ.
ఒక్క వాక్యమూ అబద్ధం కాదు.
చెప్పిందేమైనా ఉంటే కదా అబద్ధం కావడానికి,
అన్నీ అడగడాలే.
అడిగినవాణ్ణి ఏ కోర్టూ పట్టుకోదని
ఎడిటరు జగ్గారాయుడు గారి మొదటి పాఠం.

నిజానికి నాకు తెలిసింది
ఆర్కాట్ రోడ్డు నర్సింగ్ హోంలో వార్డు బాయ్
యాభై రూపాయలకి అమ్మిన నాలుగు ముక్కలు.
నిద్రపోవడం లేదట.
గోడవైపు తిరిగి పడుకుంటుందట.
కలిపిన ముద్ద చేతిలోనే ఎండిపోతుందట.
"ఏడవట్లేదు సార్, అదే భయంగా ఉంది"
అని కూడా అన్నాడు, డబ్బు మడిచి జేబులో పెట్టుకుంటూ.
ఆ మాట నేను వాడలేదు.
ఏడవని మనిషితో పేజీ ఎలా నిండుతుంది?

ఫొటో దొరికింది.
ఎదురుగా ఆగిన ఇసక లారీ ఎక్కి
కిటికీలోంచి లాగాడు మా సంపంగి.
జుట్టు విరబోసుకుని ఉంది.
బ్లాకు చేయించి దగ్గరగా పట్టుకుంటే
మనిషి లేదు, నల్ల చుక్కలు.
చెయ్యి చాపి దూరంగా పెడితే వకుళ.

కొక్కేల కోసం ఆర్ముగాన్ని పక్క ప్రెస్సుకి తోలాను.
శుభలేఖల ప్రెస్సు. వాళ్ళకి వాటితో పనేముంది?
గూటి నిండా కొత్తవి, మెరుస్తూ.
గుప్పెడు తెచ్చాడు.
పదకొండు వేలు ఎక్కువ కొట్టాం ఆ వారం.
తెల్లారేసరికి కట్టలన్నీ సెంట్రల్లో రైలెక్కాయి.

ముప్ఫై ఒక్క ఏళ్ళు.
వలసరవాకం బ్యాంకులో, నవంబరు వానలో,
పెన్షన్ల వరసలో నా ముందు ఒకావిడ.
"తెలుగువాళ్ళేనా? కళ్ళజోడు మర్చిపోయొచ్చాను,
ఇది కాస్త నింపిపెట్టండి బాబూ."
మనిషి బతికే ఉందని రాసిచ్చే ఫారం.
పేరు నూకరత్నం.
భర్త పెరంబూరు పెట్టెల ఫ్యాక్టరీలో చేసి పోయారు.
పుట్టిన ఊరు పిఠాపురం.
వరస కదిలి ఆమె రెండడుగులు జరిగింది.
అంత దూరంలో చుక్కలన్నీ కలిశాయి.

"మీరేం చేసేవారు?"
చెప్పాను. పత్రిక పేరూ చెప్పాను.
ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు.

గొడుగు కొసనుంచి నీళ్ళు కారుతున్నాయి. అవి చూస్తూ అంది:
"మా అమ్మకి చదువు రాదండీ.
పక్కింటి పిల్ల చదివి వినిపించిందట.
బళ్ళో నేర్పినట్టు
ప్రతి మాట చివరా గొంతు పైకి లేపి.
తననే అడుగుతున్నారనుకుంది అమ్మ.
ఒక్కోదానికీ ఆగి జవాబు చెప్పిందట,
లేదమ్మా, కాదమ్మా, నాకు తెలీదమ్మా,
నాలుగు పేజీలూ అయ్యేదాకా."

తిట్టలేదు.
సంతకం ఎక్కడో అడిగింది. వేలు పెట్టి చూపించాను.
నా పెన్ను మూత బిగించి మరీ ఇచ్చింది.

బయటికొచ్చాక వాన తగ్గలేదు.
షెడ్డు కింద నిలబడి, ఏం తోచక,
ఆ గుప్పెడు కొక్కేలు
పక్క ప్రెస్సుకి తిరిగిచ్చామా లేదా అని
చాలాసేపు ఆలోచించాను.